ఎర్రగీత దాకా దాణా

హెలెన్ గారి వంటింట్లో టీ వడగట్టే జల్లెడ ఏడాది తిరిగేలోపు మాయమవుతుంది. దొంగ ఎవరో ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలుసన్న సంగతి దొంగకీ తెలుసు. పెళ్లయిన కొత్తలో మాత్రం తెలియక ఒకసారి అడిగారు.

"ఏమండీ, జల్లెడ ఏదండీ?"

"నా బ్యాగులో ఉంది."

"బ్యాగులో ఎందుకుందండీ?"

"పేడ కడగడానికి."

ఒకసారి వీధి గుమ్మం దాటిన జల్లెడ మళ్లీ వంటింటి గడప తొక్కకూడదన్నది ఆ రోజు నుంచీ ఆ ఇంటి చట్టం. తెనాలి మార్కెట్లో స్టీలు సామాన్ల కొట్టతను హెలెన్ గారు మెట్టెక్కుతుండగానే, ఏం కావాలని అడక్కుండా ఒక జల్లెడ తీసి కౌంటరు మీద పెట్టేస్తాడు.

ఆవిడ భర్త జ్ఞానానందం గారి పని అలాంటిది మరి. గేదె ఏం తిన్నదో రైతు చెబుతాడు. తిన్నదాంట్లో ఎంత ఒంటికి పట్టిందో చెప్పాల్సింది పేడ. గుప్పెడు పేడ జల్లెడలో వేసి చెంబుతో నీళ్లు పోస్తూ కడిగితే, అరగని మొక్కజొన్న నూక, గింజల పొట్టు, పొడుగాటి గడ్డి పోచలు అడుగున మిగిలిపోతాయి. ఆయన కళ్లజోడు ముక్కు మీదికి జార్చుకుని, వేలితో వాటిని అటూ ఇటూ కదిపి, "దీనికి గింజ సరిగ్గా నలగట్లేదమ్మా" అనో "దాణా ఎక్కువై గడ్డి తక్కువైందయ్యా" అనో తేల్చేస్తారు. పశువుల మేత మీద పరిశోధన చేసి డాక్టరేటు తెచ్చుకున్న మనిషి వీధిలో గొంతుక్కూర్చుని పేడ కడుగుతుంటే చూసేవాళ్లకి నవ్వొస్తుంది. ఆయనకీ నవ్వొస్తుంది గానీ, చెంబు మాత్రం ఆపరు.

ఇంకో అలవాటు కూడా ఉంది. దాణా ఏదైనా సరే, చిటికెడు నాలుక మీద వేసుకోకుండా నమ్మరు. అది చదువుతో వచ్చిన అలవాటు కాదు. ఆయన బాపట్ల దగ్గర ఒక పల్లెలో పుట్టారు. తండ్రి ఆసాముల పొలాల్లో కూలికి వెళ్లేవాడు, తల్లి గట్ల మీద గడ్డి కోసి మోపు నెత్తిన పెట్టుకుని వచ్చేది. ఇంటిల్లిపాదికీ ఆధారం చుక్కమ్మ అనే గేదె. నుదుట తెల్ల చుక్క ఉండేది కాబట్టి చుక్కమ్మ. ఒక ఏడు ఈనిన తర్వాత అది గడ్డి వదిలేసి, ఇంటి మట్టిగోడ నాకడం మొదలుపెట్టింది. ఎవరు అదిలించినా మానలేదు. ఏడేళ్ల జ్ఞానానందం అంత రుచి ఆ గోడలో ఏముందోనని ఒక మధ్యాహ్నం తనూ వెళ్లి నాకి చూశాడు. ఏమీ లేదు, ఉత్త మన్ను. ఆ అనుమానం పదేళ్లకి పైగా మనసులోనే ఉండిపోయింది. పశువైద్య కళాశాలలో ఒక రోజు మాస్టారు, ఒంట్లో భాస్వరం తగ్గిన గేదె మట్టి, ఎముకలు, గోడలు నాకుతుందని చెబుతుండగా ఈయన లేచి నిలబడి, "అందుకేనా సార్ మా చుక్కమ్మ గోడ నాకిందీ!" అని అరిచేశారు. క్లాసంతా గొల్లుమంది. మాస్టారు మాత్రం నవ్వలేదు. "నువ్వు దాని పక్కన నిలబడి చూసిన రోజే నీ చదువు మొదలైందయ్యా" అన్నారు.

తర్వాత ఉద్యోగం, పరిశోధన. వరిగడ్డికి యూరియా నీళ్లు చల్లి, గాలి తగలకుండా ప్లాస్టిక్ పట్టా కప్పి మూడు వారాలు మాగబెడితే దాని బలం పెరుగుతుందని ఊరూరా తిరిగి చూపించారు. మొదటిసారి పట్టా తీసిన రోజున ఆ ఘాటుకి కళ్లు మండి రైతులందరూ కాలవ గట్టు దాకా పరిగెత్తారు. గేదె కూడా ఒకసారి వాసన చూసి, మూతి తిప్పేసుకుంది. "దానికున్న బుద్ధి మనకి లేకపోయింది, తెల్లారగానే వచ్చాం" అన్నాడొక ముసలాయన. ఒక గంట గడ్డిని ఎండలో ఆరబోసి మళ్లీ వేస్తే, అదే గేదె తల ఎత్తకుండా తినేసింది. ఆ ముసలాయనే వచ్చి పట్టా ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

రిటైరయ్యాక దాణా కంపెనీల వాళ్లు సలహాలకి పిలవడం మొదలుపెట్టారు. కోళ్ల దాణాలోకి నిజాంపట్నం వైపు నుంచి ఎండు చేపలు లారీల్లో వస్తాయి. ఒకసారి ల్యాబు కాగితాలన్నీ బ్రహ్మాండంగా ఉన్న లోడు ఒకటి వచ్చింది. ఈయన ఒక చేప ముక్క నోట్లో వేసుకుని కొరికారు. కుర్ర మేనేజరు కంగారుపడి, "సార్, సార్, నోట్లో పెట్టుకుంటారేంటండీ!" అన్నాడు. ఈయన పళ్ల మధ్య కరకరమన్నదాన్ని అరచేతిలోకి ఊసి చూపించారు. ఇసక. లారీ వచ్చిన దారినే వెనక్కి వెళ్లింది.

ఇన్ని చేసినా, మీ జీవితంలో పెద్ద పనేంటని అడిగితే ఆయన డాక్టరేటు గురించి చెప్పరు, కంపెనీల గురించీ చెప్పరు. డబ్బాల గురించి చెబుతారు.

ముప్పై ఏళ్ల కిందటి మాట. పిట్టలవానిపాలెం దగ్గర ఒక ఊళ్లో సభ పెట్టి, పాలిచ్చే గేదెకి రోజుకి నాలుగు కిలోల గుళికల దాణా పెట్టాలని చెప్పారు. వెనకనుంచి ఒక పెద్దావిడ లేచి, "కిలోలంటే మా ఇళ్లల్లో తక్కెడేదయ్యా? చేతికందింది పోస్తాం" అంది. జ్ఞానానందం గారు సభ అక్కడితో ముగించేశారు. మర్నాడు రేపల్లె వెళ్లి నలభై రేకు డబ్బాలు కొనుక్కొచ్చారు. ఒక్కోదాంట్లో తూకం వేసి కిలో గుళికలు పోశారు. సగం దాటి కాస్త పైకి వచ్చాయి. అక్కడ గుర్తు పెట్టి, ఆ గుర్తు మీద చుట్టూతా గీత గీసింది హెలెన్ గారు. బడిపిల్లల చేత రాత దిద్దించే టీచరు కదా, చెయ్యి వణకదు. చర్చి బోర్డుకి వేయగా మిగిలిన ఎర్ర రంగు ఒక చిన్న సీసాలో ఉంటే, ఆదివారం మధ్యాహ్నం కూర్చుని నలభై డబ్బాలకీ నలభై గీతలు గీశారు. "పొద్దున ఎర్రగీత దాకా రెండు, సాయంత్రం ఎర్రగీత దాకా రెండు. గీత దాటొద్దు, గీత తగ్గొద్దు." ఇదీ పాఠం. ఆ ఊరి ఆడవాళ్లు ఒక్క పూటలో నేర్చేసుకున్నారు. ఆ ఏడు ఆ ఊరి పాలు చూసి చుట్టుపక్కల ఊళ్లవాళ్లు కూడా డబ్బాలకి గీతలు గీయించుకున్నారు.

ఇప్పుడు ఆ ఊళ్లోనే ఇరవై ఎనిమిది మంది ఆడవాళ్లు కలిసి సొంతంగా దాణా మిల్లు పెట్టారు. వాళ్ల నాయకురాలు స్టెల్లా. నలభై ఏళ్లు కూడా ఉండవు, మాట చురుకు, పని ఇంకా చురుకు. తవుడు మన ఊరిదే, పెసరపప్పు ఆడగా మిగిలే చునీ మన ఊరిదే, మొక్కజొన్న పక్క ఊరిదే, ఇవన్నీ లారీకెక్కించి కంపెనీకి పంపి మళ్లీ గుళికలు చేసి తెచ్చుకోవడమెందుకని ఆవిడే గడపగడపకీ తిరిగి అందర్నీ ఒప్పించింది. గుళికలు చేసే మిషన్ లేదు కాబట్టి పొడి దాణానే. ఏది ఎన్ని పాళ్లు కలపాలో జ్ఞానానందం గారు రాసిచ్చారు. డెబ్భై మూడేళ్లొచ్చాయి, ఇదే ఆఖరిదని హెలెన్ గారికి మాటిచ్చి మరీ రాశారు.

మిల్లు మొదలై ఆరు వారాలైంది. ఒక శనివారం సాయంత్రం స్టెల్లా ఫోన్ చేసింది.

"వందనాలండి డాక్టర్ గారూ. పాలు పడిపోయినాయండి. పాల కేంద్రానికి పూటకి నూట డెబ్భై లీటర్లు పోసేవాళ్లం. ఇప్పుడు నూట నలభై దాటట్లేదు. రేపు చర్చి అయ్యాక మీటింగంట. మిల్లు మూసేసి మళ్లీ గుళికలే తెచ్చుకుందామంటున్నారు."

"నువ్వేమంటున్నావమ్మా?"

"నేనేమంటానండీ. అందర్నీ ఒప్పించింది నేను. రేపు మూసేస్తే మళ్లీ ఈ ఊళ్లో ఆడాళ్లు కలిసి ఏదన్నా చేద్దామంటే నా మొహం ఎవరు చూస్తారు?"

"ఒక్క వారం ఆపించు. సోమవారం నేనొస్తున్నా."

ఫోన్ పెట్టేసరికి హెలెన్ గారు లేచారు. లోపలికెళ్లి టీ జల్లెడ తెచ్చి ఆయన బ్యాగులో తనే పెట్టారు.

సోమవారం పొద్దున్నే తెనాలిలో రైలెక్కి, బాపట్లలో దిగి ఆటోలో ఊరు చేరేసరికి మిల్లు ముందు రేకుల పందిరి కింద సగం ఊరు ఉంది. మిల్లు నడిపే పున్నయ్య వాకిట్లోనే ఎదురొచ్చాడు. మనిషి ఆరు వారాల్లో సగమైపోయాడు.

"నా చేతి తప్పేమోనండి సార్. ప్రతిదీ కాటా వేసే కలుపుతున్నానండి. మా అమ్మ మీద ఒట్టండి."

"ఒట్లెందుకు పున్నయ్యా, దాణానే అడుగుదాం" అని జ్ఞానానందం గారు బస్తాలో చెయ్యి పెట్టారు. వాసన చూశారు. చిటికెడు నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నారు. తవుడు చేదెక్కలేదు. నూనె తీసిన గింజల చెక్కకి బూజు లేదు. ఉప్పు సరిపోయింది.

"ఎలా ఉందండి సారూ?" అని కుమారి అడిగింది. మూడు గేదెలున్న మనిషి, మిల్లు వద్దనేవాళ్లలో ముందుంది ఆవిడే.

"బాగుందమ్మా."

"మీకు బాగుంటే లాభమేంటండీ, పాలిచ్చేది మీరు కాదు కదా!"

అందరూ నవ్వారు. అందరికంటే గట్టిగా నవ్వింది ఆయనే. స్టెల్లా మాత్రం నవ్వలేదు. పైట చెంగు వేలికి చుట్టుకుంటూ ఆయన మొహమే చూస్తోంది.

ఆ రోజూ మర్నాడూ ఇల్లిల్లూ తిరిగారు. ఎనిమిది ఇళ్ల పేడ కడిగారు. గింజ నలిగే వస్తోంది, అరిగే వస్తోంది. కుడితి తొట్లు చూశారు, గడ్డివాములు చూశారు, నీళ్లు తాగి చూశారు. గేదెల పక్కటెముకల మీద చెయ్యి వేసి చూస్తే మాత్రం ఒళ్లు తగ్గిన మాట నిజమే. సోమవారం ల్యాబుకి పంపిన దాణా సంగతి మంగళవారం సాయంత్రానికి ఫోన్లో వచ్చింది. మాంసకృత్తులు, కొవ్వు, ఖనిజాలు, అన్నీ ఆయన రాసిచ్చిన లెక్కకి అక్షరాలా సరిపోయాయి.

"కొలతలో ఏమన్నా తేడా వస్తోందా అమ్మా?" అని వెంకటరమణమ్మ గారిని అడిగారు. ఆనాడు సభలో తక్కెడేదని అడిగిన పెద్దావిడ కోడలే ఆవిడ. ఇప్పుడు ఆవిడకీ తల నెరిసింది.

"ఎంత మాటండి అన్నయ్యగారూ! మీరు పెట్టిన కొలత. మా అత్తగారు పోయేముందు కూడా గీత జాగ్రత్తని చెప్పి పోయిందండి."

జ్ఞానానందం గారి గుండె ఉప్పొంగింది. ఇక ఆ సంగతి అడగలేదు.

"పైగా మన మిల్లు దాణా ఎంత కలిసొచ్చిందనుకున్నారు!" అంది ఆవిడ. "గుళికల బస్తా పన్నెండ్రోజులకి అయిపోయేదండి. ఇది పద్దెనిమిది, పంతొమ్మిది రోజులొస్తోంది. ఎంత తీసినా తరగదు. స్టెల్లా అయితే ప్రార్థన ఫలమంటోంది."

ఆయన అదీ మెచ్చుకోలుగానే విని, తల పంకించి ఊరుకున్నారు. తెనాలికి తిరిగెళ్తూ రైల్లో కాగితం మీద లెక్క మొదటినుంచీ మళ్లీ వేశారు. ఎక్కడా తప్పు లేదు. అంటే తన బుర్రే పాతదైపోయిందేమోననిపించింది. జీవితంలో మొదటిసారి ఆ రోజు రాత్రి భోజనంలో హెలెన్ గారు వండిన రొయ్యల వేపుడుకి ఉప్పు సరిపోయిందో లేదో చెప్పలేకపోయారు.

బుధవారం తొలి బండికే వచ్చేశారు. వెంకటరమణమ్మ గారు ఇంకా పాలకి కూర్చోలేదు, దాణా కలపబోతున్నారు. గూట్లోంచి డబ్బా తీశారు. అదే డబ్బా. అంచులు సొట్టలు పడ్డాయి, తుప్పు మరకలున్నాయి గానీ గీత మాత్రం ఎర్రగా ఉంది. వెలిసినప్పుడల్లా ఇంట్లో ఎవరో ఒకరు మళ్లీ దిద్దుతూ వచ్చారు. ఆవిడ బస్తాలో ముంచి, ఎక్కువైన పొడిని వేలితో తీసేసి, సరిగ్గా గీత దగ్గర ఆపి, చెరువు నీళ్లలా చదునుగా సర్ది ఆయనకి చూపించారు.

"చూశారా అన్నయ్యగారూ, వెంట్రుకవాసి తేడా ఉండదు."

"ఏదీ, ఒకసారి ఇలా ఇవ్వమ్మా" అని ఆయన ముచ్చటపడి డబ్బా చేతిలోకి తీసుకున్నారు.

తీసుకున్నవారు అలాగే నిలబడిపోయారు. డబ్బాని ఒకసారి పైకీ కిందికీ ఆడించారు. నలభై డబ్బాలకి కిలో కిలో పోసిన చెయ్యి అది. ఈ డబ్బా తేలిగ్గా ఉంది.

"పున్నయ్యా! కాటా పెట్టు!" అని కేకేస్తూ ఆయన డబ్బా పట్టుకుని మిల్లుకేసి నడిచారు. డెబ్భై మూడేళ్ల మనిషి అంత వడిగా నడుస్తుంటే ఏదో జరిగిందని వెంకటరమణమ్మ గారు, ఆవిడ వెనక ఇరుగూ పొరుగూ, వాళ్ల వెనక స్టెల్లా పరిగెత్తుకొచ్చారు. పున్నయ్య ఖాళీ డబ్బా బరువు తీసేసి, దాణా తూచాడు.

ఆరువందల నలభై గ్రాములు.

జ్ఞానానందం గారు పక్కనున్న దాణా బస్తా మీద కూలబడి నవ్వడం మొదలుపెట్టారు. కళ్లజోడు తీసి కళ్లు తుడుచుకుంటారు, డబ్బా వైపు చూస్తారు, మళ్లీ నవ్వుతారు. స్టెల్లాకి భయమేసింది. "డాక్టర్ గారూ, మంచినీళ్లు తెమ్మంటారా?"

"తప్పు ఎవరిదో దొరికిందమ్మా."

"ఎవరిదండీ?" పున్నయ్య ముందుకొచ్చాడు.

"నాది. గుళికలు బరువయ్యా, కిక్కిరిసి కూర్చుంటాయి. ఎర్రగీత దాకా పోస్తే కిలో. పొడి గుల్ల. అదే గీత దాకా పోస్తే ముప్పాతిక కిలో కూడా లేదు. రోజుకి నాలుగు కిలోలు తినాల్సిన గేదె రెండున్నర తింటోంది. దాణా మార్చమన్నాను, గీత మార్చమని చెప్పలేదు. మీరేమో ముప్పై ఏళ్ల నుంచీ నా మాట ఇసుమంతైనా తప్పలేదు!" అని మళ్లీ నవ్వందుకున్నారు. "బస్తా పంతొమ్మిది రోజులొస్తోందని చెప్పారు కూడా! నా చెవులెక్కడ పెట్టుకున్నానో!"

స్టెల్లా నెమ్మదిగా, "అయితే అది ప్రార్థన ఫలం కాదండీ?" అంది.

"కాదమ్మా. గేదెల ఉపవాసం."

అక్కడికక్కడే ఇంటికి ఫోన్ చేశారు. "హెలెన్, మన గీత కొంప ముంచింది."

"మన గీతేంటండీ? గీత నాది, కొలత మీది. నా గీత ఇవాళ్టికీ తిన్నగానే ఉందా లేదా?"

"తిన్నగానే ఉంది."

"మరింకేం. ఆదివారం నేనూ వస్తాను. రంగు ఏది తేవాలో చెప్పండి."

దాణా ఒక్కసారిగా పెంచితే గేదెల పొట్ట చెడుతుందని, పూటకి ఒక గుప్పెడు చొప్పున పెంచుకుంటూ పొమ్మని ఇల్లిల్లూ తిరిగి చెప్పారు. గురువారం పాలు కదల్లేదు. శుక్రవారం నాలుగు లీటర్లు పెరిగాయి. శనివారం సాయంత్రానికి కేంద్రం చీటీ మీద నూట యాభై రెండు పడింది.

ఆదివారం చర్చి వదిలాక అందరూ రేకుల పందిరి కింద చేరారు. గుడికెళ్లి వచ్చినవాళ్లు బొట్లతో, చర్చి నుంచి వచ్చినవాళ్లు బైబిళ్లతో కలిసే కూర్చున్నారు. హెలెన్ గారు ముందు బెంచీ మీద పచ్చ రంగు సీసా, సన్నటి కుంచె పెట్టుకుని, పరీక్ష పెట్టబోయే టీచరులా కూర్చున్నారు. పక్కన పున్నయ్య కాటా.

జ్ఞానానందం గారు లేచి, దాచుకోకుండా చెప్పారు. "నూట యాభై రెండే వచ్చింది. నూట డెబ్భై రాలేదు. వస్తుందని నా నమ్మకం. కానీ పోయిన పాలు నా తప్పు వల్ల పోయినాయి కాబట్టి, నన్ను నమ్మండని అడిగే హక్కు ఇవాళ నాకు లేదు. మీ ఇష్టం."

స్టెల్లా లేచింది. "చేతులెత్తడం వద్దు. ఎవరు ఎత్తారు, ఎవరు ఎత్తలేదని రేపు మళ్లీ మాటలొస్తాయి. మిల్లు ఉండాలనుకున్నవాళ్లు డబ్బా తెచ్చి టీచర్ గారి ముందు పెట్టండి. ఎర్రగీత పైన పచ్చగీత గీస్తారు. ఎర్రది గుళికలకి, పచ్చది మన పొడికి. వద్దనుకున్నవాళ్లు డబ్బా అలాగే ఇంటికి తీసుకెళ్లండి."

స్టెల్లా చెంగు మళ్లీ వేలికి చుట్టుకుంది. అప్పుడు వెంకటరమణమ్మ గారు మోకాళ్లు పట్టుకుని లేచి, డబ్బా తెచ్చి బెంచీ మీద పెట్టారు. పున్నయ్య కిలో పొడి తూచి పోశాడు, అంచుకి రెండు వేళ్ల కిందికి వచ్చింది. హెలెన్ గారు గుర్తు పెట్టుకుని, పొడి వొంపేసి, ఊపిరి బిగబట్టి చుట్టూతా ఒక్క గీత గీశారు. తిన్నగా వచ్చింది. "టీచర్ గారి చెయ్యి అలాగే ఉందర్రా!" అన్నారెవరో. దాంతో ఒకరి వెనక ఒకరు లేచారు. పది డబ్బాలు ఇరవై అయ్యాయి, ఇరవై కాస్తా ఇరవై ఏడయ్యాయి. పచ్చగీతల డబ్బాలు పందిరి నీడ దాటి ఎండలో వరసగా ఆరుతున్నాయి.

మిగిలింది కుమారి ఒక్కతే. డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఏంటొదినా, ఇంటికేనా?" అని స్టెల్లా అడిగింది.

కుమారి లేచింది. తిన్నగా బెంచీ దగ్గరికి వచ్చి చేతిలోని డబ్బా పెట్టింది. తర్వాత చేతిసంచీ విప్పి, సరిగ్గా అలాంటిదే ఇంకో డబ్బా తీసి దాని పక్కన పెట్టింది.

"ఇదెవరిదే?" అని వెంకటరమణమ్మ గారు అడిగారు.

"రేపల్లెలో మా ఆడపడుచుది. దానికి నాలుగు గేదెలు. బుధవారం సంగతి ఫోన్లో చెబితే, తనకీ గీత గీయించి ఒక బస్తా పంపమంది. వరసలో ముందు నిలబడితే రెండో డబ్బా ఎవరిదని అందరూ నా ప్రాణం తీస్తారని ఆగాను. అయినా సారూ," అని జ్ఞానానందం గారి వైపు తిరిగింది, "పోయే ముందు ఇంకోసారి నాలిక మీద వేసుకుని చూడండి. మా ఆడపడుచు అసలే మాటలంటది."

ఆయన పున్నయ్య మూతి తెరిచి పట్టుకున్న బస్తాలోంచి చిటికెడు తీసి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకున్నారు. స్టెల్లా ఒక చెయ్యి ఆయన భుజం మీద వేసి, రెండో చేత్తో కళ్లు తుడుచుకుంటోంది. హెలెన్ గారు కుంచె మళ్లీ రంగులో ముంచారు.

"ఉప్పు సరిపోయింది" అన్నారాయన.